సగటు చాటున మనుషుల్ని వెతికిన డుబాయిస్

మన సభల్లో డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ పేరు ఎక్కువగా ఒకే సందర్భంలో వినబడుతుంది. 1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ ఆయనకు ఉత్తరం రాశారు. అమెరికా నల్లజాతి ప్రజల తరఫున నేషనల్ నీగ్రో కాంగ్రెస్ ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన వినతిపత్రం ప్రతులు పంపమని అడిగారు. భారతదేశంలోని అంటరానివారి గురించి కూడా అదే దారిలో వెళ్లాలన్న ఆలోచన ఉందని తెలిపారు. ఆ ఏడాది జూలై 31న డుబాయిస్ జవాబిచ్చారు. అంబేద్కర్ పేరు తనకు తెలుసని, అంటరానివారి పట్ల తనకు పూర్తి సానుభూతి ఉందని, చేతనైన సాయం చేస్తానని ఆ జవాబు సారాంశం. ఈ రెండు చిన్న ఉత్తరాల దగ్గరే మనం సాధారణంగా ఆగిపోతాం.

ఈసారి ఆ ఉత్తరాలకు సరిగ్గా యాభై ఏళ్ల వెనక్కి వెళ్దాం. అప్పుడు డుబాయిస్‌కు 28 ఏళ్లు. ప్రశ్నాపత్రాల కట్ట చంకలో పెట్టుకుని ఫిలడెల్ఫియా నగరంలో నల్లవాళ్ల ఇళ్ల తలుపులు ఒక్కొక్కటే తడుతున్నారు. ఆ పని ఇప్పుడు గుర్తు చేసుకోవడానికి కారణం ఉంది. ఏ బస్తీ కాలుష్యంతో ఎక్కువ నలుగుతోందో, ఎక్కడికి ముందు డబ్బు చేరాలో తేల్చడానికి అమెరికాలో గత పుష్కరకాలంగా కంప్యూటర్ పటాలు వాడుతున్నారు. వీటిని పర్యావరణ న్యాయ స్క్రీనింగ్ టూల్స్ అంటారు. అద్దెలు పెరిగి పేదలు వెళ్లిపోతున్న బస్తీల దగ్గరికి వచ్చేసరికి ఈ పటాలు తడబడుతున్నాయి. ఎందుకు తడబడుతున్నాయో అర్థం కావాలంటే డుబాయిస్ నడిచిన వీధుల్లోనే నడవాలని మేము అనుకుంటున్నాం.

నది ఒడ్డు పిల్లవాడు

విలియం ఎడ్వర్డ్ బర్గార్ట్ డుబాయిస్ 1868 ఫిబ్రవరి 23న మసాచుసెట్స్ రాష్ట్రంలోని గ్రేట్ బారింగ్టన్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. పట్టణం పక్కనే హౌసటానిక్ నది. ఆయన పసితనంలోనే తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయారు. తల్లి మేరీ ఇళ్లలో పని చేసి, బంధువుల సాయంతో కొడుకును పెంచారు. ఆ ఊళ్లో నల్ల కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. 1884లో ఆయన హైస్కూలు పూర్తి చేశారు. మరుసటి ఏడాదే తల్లి చనిపోయారు.

ఊరి చర్చిలు పోగుచేసిన డబ్బుతో టెనెసీ రాష్ట్రంలో నల్లవాళ్ల కోసం ఏర్పడిన ఫిస్క్ విశ్వవిద్యాలయంలో చేరారు. వేసవి సెలవుల్లో పల్లెల్లో పాఠాలు చెప్పారు. బానిసత్వం చట్టంలో రద్దయింది గానీ అప్పులోనూ కౌలులోనూ బతికే ఉందని అక్కడే కళ్లారా చూశారు. తర్వాత హార్వర్డ్, ఆ పైన రెండేళ్లు బెర్లిన్. 1895లో హార్వర్డ్ నుంచి డాక్టరేట్ అందుకున్నారు. ఆ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందిన తొలి నల్లజాతీయుడు ఆయనే. అంత చదువు చదివినా తెల్లవాళ్ల విశ్వవిద్యాలయాల్లో ఆయనకు ప్రొఫెసర్ ఉద్యోగం లేదు. ఈ మాట మన చదువుకున్న పిల్లలకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఏడో వార్డులో ఏడాదిన్నర

1896లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి పిలుపు వచ్చింది. ఫిలడెల్ఫియా నగర పాలన అవినీతితో కుళ్లిపోయింది. అందుకు నల్లవాళ్లు ఎక్కువగా ఉండే ఏడో వార్డు ఒక కారణమని పెద్దమనుషులు నమ్మేవారు. ఆ నమ్మకానికి శాస్త్రం ముద్ర వేయించుకోవడమే పిలుపు వెనక ఉద్దేశమని డుబాయిస్ తర్వాతి కాలంలో రాసుకున్నారు. హోదా సోషియాలజీ శాఖలో అసిస్టెంట్. జీతం ఏడాదికి 900 డాలర్లు. విద్యార్థులకు పాఠం చెప్పే అవకాశం లేదు.

ఆ ఏడాదే పెళ్లయింది. భార్య నీనాతో కలిసి వార్డు అంచునే ఒక భోజనశాల పైన ఒంటి గదిలో కాపురం పెట్టారు. ఉత్తరాన స్ప్రూస్ వీధి, దక్షిణాన సౌత్ వీధి, తూర్పున ఏడో వీధి, పడమర స్కూల్‌కిల్ నది. ఈ సన్నటి పట్టీయే ఏడో వార్డు. 1896 ఆగస్టు నుంచి 1897 డిసెంబర్ దాకా పని సాగింది. సుమారు 2,500 ఇళ్ల లెక్కను ఆయన తానే తిరిగి రాసుకున్నారు. వార్డులో 9,675 మంది నల్లవాళ్లు తేలారు.

ఆయన తయారు చేసుకున్న ప్రశ్నాపత్రాలు ఆరు రకాలు. కుటుంబానికి ఒకటి, ఒక్కో మనిషికి ఒకటి, ఇంటికి ఒకటి, వీధికి ఒకటి, సంస్థలకు ఒకటి, యజమానుల ఇళ్లలోనే ఉండే పనివాళ్లకు ఒకటి. ఈ వరుసను ఒకసారి మనసులో పెట్టుకుందాం. వీధి లెక్క వేరు, ఇంటి లెక్క వేరు, ఆ ఇంట్లో మనిషి లెక్క వేరు. ఒకదానిలో ఇంకొకటి కలిసిపోకుండా జాగ్రత్త పడ్డారు. యజమాని ఇంటి వెనక గదిలో ఉండే పనిమనిషి చిరునామా ధనికుల వీధిదే. వీధి సగటు చూస్తే ఆమె కనబడదు. అందుకే ఆమె కోసం విడిగా ఒక ప్రశ్నాపత్రం.

తేలిన సంగతులు కొన్ని చెప్పుకుందాం. ఆయన లెక్కలోకి వచ్చిన 2,441 కుటుంబాల్లో స్నానాల గది, మరుగుదొడ్డి సౌకర్యం ఉన్నవి 334 మాత్రమే. నాసిరకం ఇళ్లకు నల్లవాళ్లు తెల్లవాళ్లకన్నా ఎక్కువ అద్దె కడుతున్నారు. దీనికి కారణాలు కూడా వెతికారు. నల్లవాళ్లలో ఎక్కువమంది ధనికుల ఇళ్లలో, హోటళ్లలో పనిచేసేవాళ్లు. పనికి దగ్గర్లో ఉండక తప్పదు. ఇంకో పేటకు వెళ్దామంటే అక్కడి యజమానులూ ఏజెంట్లూ ఇల్లివ్వరు. ఉన్న కొద్దిచోటుకే అందరూ పోటీ పడాలి. అద్దె ఎందుకు పెరగదు?

ఆ రోజుల్లోనే ఒక బీమా కంపెనీ గణాంకవేత్త ఫ్రెడరిక్ హాఫ్‌మన్ లావుపాటి పుస్తకం అచ్చువేశాడు. నల్లవాళ్లలో మరణాల రేటు ఎక్కువని, అది వాళ్ల పుట్టుకలోనే ఉన్న లోపమని, ఆ జాతి క్రమంగా అంతరించిపోతుందని అందులో వాదించాడు. డుబాయిస్ 1897లో ఆ పుస్తకాన్ని సమీక్షించి, వాదంలోని లొసుగులు చూపించారు. ఫిలడెల్ఫియాలోనే వేర్వేరు వార్డుల్లో నల్లవాళ్ల మరణాల రేట్లను పక్కపక్కన పెట్టారు. మురికి గల్లీలున్న అయిదో వార్డులో చావులు ఎక్కువ. మంచి ఇళ్లు, శుభ్రమైన వీధులున్న ముప్పయ్యో వార్డులో తక్కువ. రెండుచోట్లా ఉన్నది ఒకే జాతి మనుషులు. మారింది ఇల్లూ వీధీ నీళ్లూ గాలీ. క్షయ రోగం రక్తంలోంచి రాలేదు, నివాసంలోంచి వచ్చింది. పర్యావరణ న్యాయం అనే మాట పుట్టడానికి దాదాపు తొంభై ఏళ్ల ముందే దాని మూల సూత్రం ఇక్కడ రాసి ఉంది.

ఆయన లోపం కూడా దాచకూడదు. వార్డులోని ఇళ్లను ఆయన నాలుగు తరగతులుగా విడగొట్టి, పటం మీద రంగులు వేశారు. అట్టడుగు తరగతికి దుర్మార్గులు, నేరస్థులు అని పేరు పెట్టారు. చదువుకున్న నల్ల మధ్యతరగతి యువకుడి చూపు అది. పేదవాడి పరిస్థితికి కారణాలు వెతికిన చేత్తోనే పేదవాడి నడవడికి మార్కులు వేశారు. కొలిచేవాడు మనవాడే అయినా కొలమానంలో అతని తరగతి దూరుతుంది. మన సర్వేలు చేసేటప్పుడు మనమూ గుర్తుంచుకోవలసిన సంగతి ఇది.

ఈ అధ్యయనం 1899లో ది ఫిలడెల్ఫియా నీగ్రో అనే పుస్తకంగా వచ్చింది.

అదే వార్డు ఇవాళ

ఇప్పుడు ఆ వార్డు ఫిలడెల్ఫియాలో ఖరీదైన ఇళ్లున్న ప్రాంతాల్లో ఒకటి. డుబాయిస్ తట్టిన తలుపుల వెనక ఉన్న కుటుంబాల వారసులు అక్కడ చాలా తక్కువ. ఇది ఒక్క రోజులో జరిగిన పని కాదు. 1930లలో ప్రభుత్వ గృహరుణ సంస్థ దేశంలో రెండు వందలకు పైగా నగరాలకు పటాలు గీసి, నల్లవాళ్లుండే పేటలకు ఎర్ర రంగు పూసింది. ఎర్ర రంగు పడిన చోట అప్పు పుట్టదు, ఇంటి మరమ్మతు జరగదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత సౌత్ వీధి వెంబడి ఎక్స్‌ప్రెస్ హైవే వేస్తామన్నారు. కూల్చేయబోయే వీధిలో ఎవరు పెట్టుబడి పెడతారు? స్థానికులు ఏళ్ల తరబడి పోరాడి 1970లలో ఆ హైవేను ఆపించారు. హైవే ఆగింది గానీ అప్పటికే చాలా కుటుంబాలు కదిలిపోయాయి. పడిపోయిన ధరలకు పాత ఇళ్లు కొన్నవాళ్లు వాటిని బాగుచేసుకున్నారు, ధరలు ఎగబాకాయి, మిగిలిన పేదలు దూరమయ్యారు.

దీన్నే జెంట్రిఫికేషన్ అంటారు. లండన్ పేటల్లో జరుగుతున్న మార్పును వర్ణించడానికి రూత్ గ్లాస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1964లో ఆ మాట వాడారు. అంటే డుబాయిస్ చనిపోయిన మరుసటి ఏడాది. మాట ఆయన కాలంలో లేదు గానీ, నల్లవాళ్ల పాత నివాసాలు తూర్పు నుంచి పడమటికి జరుగుతూ పోవడాన్ని ఆయన తన పుస్తకంలోనే గమనించారు.

పర్సంటైల్ దగ్గర తెగిన లెక్క

ఇక స్క్రీనింగ్ టూల్స్ ఎలా పనిచేస్తాయో చూద్దాం. కాలిఫోర్నియా 2013లో కాల్‌ఎన్విరోస్క్రీన్ తెచ్చింది. 2021 నాటి నాలుగో రూపంలో 21 సూచికలున్నాయి. గాలిలో సూక్ష్మ ధూళి, డీజిల్ పొగ, తాగునీరు, విషవ్యర్థాలు లాంటివన్నీ కలిపి కాలుష్య భారం. ఆస్తమా, పేదరికం, చదువు, నిరుద్యోగం లాంటివన్నీ కలిపి జనం పరిస్థితి. ఈ రెంటినీ గుణిస్తే స్కోరు వస్తుంది. ఎక్కువ స్కోరు వచ్చిన పావు వంతు ప్రాంతాలకు వాతావరణ నిధుల్లో ముందు వాటా. కేంద్ర పర్యావరణ పరిరక్షణ సంస్థ 2015లో ఈజేస్క్రీన్ తెచ్చింది. 2022లో అధ్యక్ష భవనానికి చెందిన పర్యావరణ మండలి ఇంకొక పటం తెచ్చింది. కొన్ని కేంద్ర పథకాల ప్రయోజనంలో 40 శాతం వెనకబడిన ప్రాంతాలకు చేరాలన్నది దాని లక్ష్యం.

వీటన్నిటికీ పునాది సెన్సస్ లెక్కలే. ట్రాక్ట్ అంటే సగటున నాలుగు వేల జనం ఉండే ముక్క. కాల్‌ఎన్విరోస్క్రీన్, 2022 నాటి పటం ట్రాక్ట్‌నే ప్రమాణంగా తీసుకున్నాయి. ఈజేస్క్రీన్ అంతకన్నా చిన్న ముక్కల దాకా వెళ్లింది. ముక్క ఎంత చిన్నదైనా అందులో ఉండేది ఆ చోటి జనం సగటే. ప్రతి ముక్కకూ మన ఎంట్రన్స్ పరీక్షల్లో లాగా పర్సంటైల్ ఇస్తారు. 2022 నాటి పటంలో ప్రధాన నియమం ఇది: ఏదో ఒక భారంలో ట్రాక్ట్ 90వ పర్సంటైల్‌కు చేరాలి, తక్కువ ఆదాయ కుటుంబాల వాటాలో 65వ పర్సంటైల్‌కు చేరాలి. రెండూ ఉంటేనే వెనకబడిన ప్రాంతం. కోర్టు కేసులకు భయపడి జాతిని లెక్కలోకి తీసుకోలేదు. పేదరికం చూస్తే జాతి దానంతట అదే కనబడుతుందని సర్ది చెప్పారు. కులం అడగకుండా ఆదాయం అడిగితే చాలనే వాదన మనమూ విన్నదే.

ఒక ఊహా లెక్క వేసుకుందాం. ఒక ట్రాక్ట్‌లో 1,000 కుటుంబాలు. వాటిలో 600 పేద కుటుంబాలు. పక్కనే ఫ్యాక్టరీ పొగ. అద్దెలు పెరిగి 300 పేద కుటుంబాలు వెళ్లిపోయాయి, వాటి చోట 300 సంపన్న కుటుంబాలు వచ్చాయి. పేదల వాటా 60 శాతం నుంచి 30 శాతానికి పడింది. ఆ ట్రాక్ట్ 65వ పర్సంటైల్ గీత కిందికి జారిపోవచ్చు. పొగ మాత్రం తగ్గలేదు. మిగిలిన 300 పేద కుటుంబాలు అదే గాలి పీలుస్తూ మునుపటికన్నా ఎక్కువ అద్దె కడుతున్నాయి. అయినా పటం దృష్టిలో అక్కడ సమస్య లేదు, నిధి రాదు.

ఇంకో విధంగానూ ఇదే జరుగుతుంది. ఒక్క కుటుంబం కూడా వెళ్లలేదనుకుందాం. ఖాళీ స్థలంలో అపార్టుమెంట్లు లేచి వెయ్యి సంపన్న కుటుంబాలు దిగాయి. అప్పుడు 2,000లో 600, మళ్లీ 30 శాతమే. ఆరు వందల కుటుంబాలు ఎక్కడికీ కదలకుండానే లెక్కలోంచి మాయమయ్యాయి. పైగా పటం వాడే ఆదాయ వివరాలు అయిదేళ్ల సర్వేల సగటు. అద్దె నిన్న పెరిగితే ఆ సంగతి పటంలోకి పూర్తిగా రావడానికి ఏళ్లు పడుతుంది. సాయం అవసరమైన సమయంలో పటానికి తెలియదు, తెలిసేసరికి మనుషులుండరు.

వెళ్లిపోయిన వాళ్ల సంగతి మరీ అన్యాయం. ఇరవై ఏళ్లు ఫ్యాక్టరీ పక్కన బతికి ఆస్తమా తెచ్చుకున్న తల్లి దూరపు పేటకు మారితే, ఆమె ఆసుపత్రి లెక్క కొత్త చిరునామా కింద పడుతుంది. రోగం వచ్చిన చోటు పటంలో ఆరోగ్యంగా కనబడుతుంది. కాలిఫోర్నియా వాళ్లు 2017లో ఒక సూచిక కలిపారు. ఆదాయం తక్కువగా ఉండి, అందులో సగానికి పైగా ఇంటి ఖర్చుకే పోతున్న కుటుంబాల వాటా ఎంత అన్నది అది కొలుస్తుంది. మంచి అడుగే. అయినా అది ఇంకా అక్కడ ఉన్నవాళ్లనే కొలుస్తుంది.

ఫిలడెల్ఫియాలోనే పాత ఏడో వార్డుకు నైరుతి దిక్కున, అదే స్కూల్‌కిల్ నది ఒడ్డున, దాదాపు 1,300 ఎకరాల్లో పెద్ద చమురుశుద్ధి కర్మాగారం ఉండేది. నల్లవాళ్లు ఎక్కువగా ఉండే గ్రేస్ ఫెర్రీ లాంటి పేటలు దాని పొగలోనే తరాలు గడిపాయి. 2019 జూన్ 21న అక్కడ పేలుళ్లు జరిగి మంటలు లేచాయి. తర్వాత కర్మాగారం మూతపడింది. ఇప్పుడు ఆ నేలను శుభ్రం చేసి గోదాములు, ప్రయోగశాలలు కట్టే పెద్ద పథకం నడుస్తోంది. గాలి బాగుపడటం పోరాటం గెలిచినట్టే. కానీ బాగుపడిన గాలి అద్దెను పెంచుతుంది. ఇన్నేళ్లు పొగ మింగిన వాళ్లే ఆ మంచి గాలి పీల్చడానికి మిగులుతారా అన్నది ఏ సగటూ చెప్పదు. అందుకు ఇంటింటికీ వెళ్లాలి, ఎన్నేళ్లుగా ఉంటున్నారని అడగాలి, వెళ్లిపోయిన వాళ్లను వెతకాలి. డుబాయిస్ చేసిన పని అలాంటిదే.

అంకెలు ఆదుకోని రోజులు

మళ్లీ ఆయన జీవితంలోకి వద్దాం. 1897లో అట్లాంటా విశ్వవిద్యాలయంలో చేరారు. నిజం తెలియకే జనం వివక్ష చూపుతున్నారని, సరైన అంకెలు ముందు పెడితే మారతారని అప్పటికి ఆయన నమ్మకం. 1899 ఆ నమ్మకాన్ని విరగ్గొట్టింది. ఏప్రిల్‌లో శామ్ హోస్ అనే నల్లజాతి కూలీని జార్జియాలో మూక సజీవంగా కాల్చి చంపింది. ఈ విషయం మీద ఒక పత్రికకు లేఖ ఇవ్వడానికి డుబాయిస్ నడిచి వెళ్తున్నారు. అదే వీధిలో ఒక దుకాణంలో ఆ మనిషి వేలి ఎముకలు ప్రదర్శనకు పెట్టారని దారిలో తెలిసింది. అక్కడి నుంచే వెనక్కి తిరిగారు. మరుసటి నెలలో ఆయన ఏకైక కొడుకు, రెండేళ్లు కూడా నిండని పసివాడు, డిఫ్తీరియాతో చనిపోయాడు. తెల్ల వైద్యులు చూడరు. నల్ల వైద్యుడి కోసం రాత్రంతా వెతికినా ఫలితం లేకపోయింది. నివాసమూ వైద్యమూ చావును నిర్ణయిస్తాయని పుస్తకంలో రాసిన ఏడాదే అది ఆయన ఇంట్లో జరిగింది.

అయినా అంకెలను వదల్లేదు. 1900లో పారిస్ ప్రదర్శనకు నల్లవాళ్ల జీవితం మీద రంగురంగుల చార్టులు తన విద్యార్థులతో కలిసి గీసి తీసుకెళ్లారు. బంగారు పతకం వచ్చింది. 1906లో నల్లవాళ్ల ఆరోగ్యం మీద అట్లాంటా నుంచి ప్రత్యేక అధ్యయనం వెలువరించారు.

అదే 1906లో కేంద్ర కార్మిక బ్యూరో కోసం అలబామా రాష్ట్రంలోని లౌండ్స్ కౌంటీలో ఇంటింటి సర్వే చేశారు. పత్తి పండించే నల్ల కౌలుదార్ల ప్రాంతం అది. భూమి ఎవరిది, అప్పు ఎవరిది, ఓటు ఎవరిది అని అడిగారు. నివేదిక రాసి ఇచ్చారు. రాజకీయ విషయాలు తాకిందంటూ ప్రభుత్వం అచ్చు వేయలేదు. తర్వాత ఆయన వెనక్కి ఇమ్మంటే, ధ్వంసం చేశామని చెప్పారు. తన పనుల్లో శ్రేష్ఠమైన వాటిలో ఒకటిగా ఆయన భావించిన గ్రంథం అలా పోయింది.

లౌండ్స్ కౌంటీ మళ్లీ వార్తల్లోకి వచ్చింది. అక్కడి బంకనేలలో మురుగు ఇంకదు. పేద నల్ల కుటుంబాల ఇళ్ల వెనకే మలమూత్రాలు నిలిచిపోతాయి. 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో 55 మందిని పరీక్షిస్తే 19 మందిలో కొంకి పురుగు ఆనవాళ్లు దొరికాయి. కేంద్ర న్యాయశాఖ దర్యాప్తు చేసి 2023లో రాష్ట్ర ఆరోగ్యశాఖతో ఒప్పందం కుదుర్చుకుంది. 2025 ఏప్రిల్‌లో కొత్త ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. అదే ఏడాది జనవరి, ఫిబ్రవరిల్లో పర్యావరణ మండలి పటాన్నీ ఈజేస్క్రీన్‌నూ ప్రభుత్వ వెబ్‌సైట్ల నుంచి తీసేశారు. 1906లో కాగితం ధ్వంసమైంది, 2025లో పటం మాయమైంది. ఒక తేడా ఉంది. ఈసారి స్వచ్ఛంద పరిశోధకులు ముందే ప్రతులు దాచి, ఆ పటాలను మళ్లీ జనానికి అందుబాటులోకి తెచ్చారు.

లెక్క నుంచి పోరాటానికి

లెక్క ఒక్కటే చాలదని తెలుసుకున్న డుబాయిస్ 1905లో నయాగరా ఉద్యమం మొదలుపెట్టారు. 1909లో ఏర్పడిన ఎన్‌ఏఏసీపీ సంస్థాపకుల్లో ఒకరయ్యారు. 1910 నుంచి 1934 దాకా న్యూయార్క్‌లో ది క్రైసిస్ పత్రికను నడిపారు. అంబేద్కర్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన 1913-16 కాలంలో ఆ పత్రిక అదే నగరం నుంచి వెలువడుతోంది.

1930లో సొంత ఊరు గ్రేట్ బారింగ్టన్‌లో పూర్వ విద్యార్థుల సభకు వెళ్లారు. జాతి సమస్య గురించి మాట్లాడతారని అందరూ అనుకుంటే, హౌసటానిక్ నది గురించి మాట్లాడారు. ఊరు నదికి వీపు తిప్పిందని, దాన్ని మురుగు కాలువగా మార్చిందని, మళ్లీ నది వైపు ముఖం తిప్పాలని కోరారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఎగువన ఉన్న పిట్స్‌ఫీల్డ్‌లోని విద్యుత్ పరికరాల కర్మాగారం నుంచి పీసీబీ అనే విష రసాయనాలు అదే నదిలో కలిశాయి. వాటిని తొలగించే పని, దాని చుట్టూ గొడవ ఇప్పటికీ ముగియలేదు.

1947లో ఆయన సంపాదకత్వంలో ఎన్‌ఏఏసీపీ తన వినతిపత్రాన్ని ఐక్యరాజ్యసమితికి సమర్పించింది. శాంతి ఉద్యమంలో పనిచేసినందుకు 1951లో 83 ఏళ్ల వయసులో విదేశీ ఏజెంటనే అభియోగంతో ఆయన్ను కోర్టుకు ఈడ్చారు. న్యాయమూర్తి కేసు కొట్టేశారు. అయినా పాస్‌పోర్ట్ 1958 దాకా ఇవ్వలేదు. 1961లో ఘనాకు వెళ్లి ఆఫ్రికా విజ్ఞాన సర్వస్వం పని మొదలుపెట్టారు. 1963 ఆగస్టు 27న అక్రా నగరంలో కన్నుమూశారు. మరుసటి రోజు వాషింగ్టన్ మహాప్రదర్శనలో లక్షల జనం ముందు ఆయన మరణవార్త ప్రకటించారు.

మనం అడగవలసినవి

పటాలు వద్దని మేము అనడం లేదు. 1987లో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ జాతి న్యాయ కమిషన్ పిన్‌కోడ్ల వారీగా లెక్క తీసి, విషవ్యర్థాల కేంద్రాలు ఎక్కడ ఉంటాయో చెప్పడంలో ఆదాయం కన్నా జాతే బలమైన గుర్తని చూపించబట్టే పర్యావరణ న్యాయ ఉద్యమానికి దేశవ్యాప్తంగా బలం వచ్చింది. ఇవాళ్టి పటాలన్నీ దాని వారసులే. లెక్క లేకపోతే వాదన లేదు.

కానీ ఎవరైనా ఒక సూచిక తెచ్చి మన ముందు పెట్టినప్పుడు డుబాయిస్ పక్కన నిలబడి కొన్ని ప్రశ్నలు అడగాలి. సగటు దేనిమీద తీశారు, వీధిమీదా ఇంటిమీదా మనిషిమీదా? పాతవాళ్లు ఎంతమంది, కొత్తవాళ్లు ఎంతమంది? వెళ్లిపోయిన వాళ్లు ఎక్కడ? జాతినో కులాన్నో తీసేసి పేదరికం మాత్రమే ఎందుకు ఉంచారు? సమస్యకు కారణం కొలుస్తున్నారా, బాధితుల నడవడి కొలుస్తున్నారా? రేపు ప్రభుత్వం మారితే ఈ లెక్క ఎవరి దగ్గర మిగులుతుంది?

మన ఊళ్ల సంగతి మనకు తెలుసు. ఊరి సగటు తీస్తే వాడ కనబడదు. నగరంలో డివిజన్ సగటు తీస్తే నాలా పక్క బస్తీ కనబడదు. గేటెడ్ కమ్యూనిటీ ఒకటి లేస్తే చాలు, ఆ డివిజన్ కాగితం మీద బాగుపడిపోతుంది. కాబట్టి విద్యార్థి మిత్రులకు మా విన్నపం ఒకటే. మీ బస్తీ లెక్క మీరు రాయండి. ఏ ఇంట్లో ఎవరు, ఎన్నేళ్లుగా, ఎంత అద్దెకు, ఏ రోగంతో ఉన్నారో రాయండి. ఖాళీ చేసి వెళ్లిన కుటుంబం కొత్త చిరునామా కూడా రాయండి. ఆ కుటుంబాలు ఒప్పుకున్నంత వరకే బయటపెట్టండి. రాసిన దానికి రెండో ప్రతి తీసి బస్తీలోనే ఉంచండి. లౌండ్స్ కౌంటీ నివేదికకు రెండో ప్రతి మిగల్లేదు.